ఎండల్లో ఫ్రీజర్ కేకు: రోహిణి కార్తెకు ముందే చదవండి

పోయిన ఆదివారం రాత్రి పదకొండుకు ఫోన్. తిరుపతిలోనే, మాకు రెండు వీధుల అవతల ఉంటుంది, నా దగ్గరే కేకులు నేర్చుకున్న అమ్మాయి. "అక్కా, నేనేం తప్పు చేశానో చెప్పు" అని ఏడుపు. కొడుకు పుట్టినరోజుకని నాలుగు రోజుల ముందే క్రీమ్ కేకు చేసి ఫ్రీజర్‌లో పెట్టింది. ఆ రోజు మధ్యాహ్నం రెండుకు బయటికి తీసి, డబ్బా మూత కూడా తీసేసి, ఫ్యాను కింద టేబుల్ మీద పెట్టింది. ఆరున్నరకు కోశారు. పది లోపే ఐదుగురు పిల్లకాయలకు వాంతులు. అందరూ కోలుకున్నారులెండి. కేకు వల్లేనని డాక్టరు తేల్చి చెప్పలేదు. నాకు మాత్రం ఆ నాలుగున్నర గంటలు వింటే చాలు.

చేతులు కడుక్కోండి, గిన్నెలు శుభ్రంగా పెట్టుకోండి అని నేను చెప్పను, మీకు తెలుసు. చెప్పేది ఒక్కటే: క్రీమ్ కేకు ఫ్రిజ్ కింది అరలోనే కరగాలి. టేబుల్ మీద కాదు, ఏసీ గదిలో కూడా కాదు.

మేలో ఇడ్లీ పిండి రాత్రి బయట పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది కదా? ఆ వెచ్చదనమే క్రీములోని సూక్ష్మజీవులకూ కావాలి. మన చేతుల నుంచి, ముక్కు నుంచి చేరే స్టాఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఫ్రీజర్‌లో చావదు. కదలకుండా పడి ఉంటుంది, వెచ్చబడగానే పెరిగి విషం తయారు చేస్తుంది. ఆ విషం పుట్టాక చల్లబరిచినా, వేడి చేసినా పోదు. బయట పెట్టిన కేకు మధ్యలో ఇంకా రాయిలా ఉండగానే పైన క్రీమ్ గది వేడికి వచ్చేస్తుంది. మనమేమో లోపల కరగలేదని ఇంకో గంట ఉంచుతాం. పాడయ్యే ఆహారం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. తిరుపతి వంటింట్లో మేలో 32 కన్నా తక్కువ ఎప్పుడుంటుంది?

కాబట్టి కిలో కేకును ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి దించండి. చుట్టిన కవరు విప్పొద్దు. చెమ్మ కవరు మీద చేరి పోతుంది, విప్పితే క్రీమ్ మీద చేరి రంగులు కారతాయి. కోయడానికి ఇరవై నిమిషాల ముందు బయటికి తీస్తే చాలు.

ఇంకా తేలికైన దారి, నేను చేసేది: ఉత్త స్పాంజే ఫ్రీజర్‌లో పెడతాను, క్రీమ్ ఆ రోజే పూస్తాను. క్రీమ్ లేని స్పాంజ్ కవరుతోనే బయట కరిగినా ఫరవాలేదు. పూర్తిగా చల్లారాకే చుట్టాలి. వేడి మీద చుడితే ఆవిరి లోపలే మంచై, కరిగాక అడుగు తడిసిన అట్టలా అవుతుంది. క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు, పైన ఫాయిల్, దాని మీద తేదీ. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు నెలలు బాగుంటుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఐస్ పెట్టెలో అయితే వారం దాటి నేను ఉంచను.

ఇక మిగతావి.

మామిడి ముక్కలు పెట్టిన కేకు ఫ్రీజర్‌లో పెట్టొద్దు, నీళ్లు వదులుతుంది. కస్టర్డ్ కూడా అంతే.

చేపలు, కోడి పక్కన పెట్టొద్దు.

కరెంటు పోతే తలుపు తెరవొద్దు. ఊరెళ్లేటప్పుడు చిన్న గిన్నెలో నీళ్లు గడ్డ కట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చేసరికి బిళ్ల మునిగి ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డ కట్టినట్టే. క్రీమ్ కేకు పారేయండి.

చిత్తూరులో అత్తగారింటికి కేకు తీసుకెళ్తే ఐస్ ప్యాకులతో థర్మాకోల్ పెట్టెలో. డిక్కీలో వద్దు.

క్రీమ్ కేకును మైక్రోవేవ్‌లో కరిగించొద్దు.

వాసన చూసి బాగుందని తేల్చొద్దు. ఆ విషానికి వాసన లేదు, రుచి లేదు.

టేబుల్ మీద కరగబెట్టొద్దు. మళ్లీ చెప్తున్నా, టేబుల్ మీద వద్దు.

బయట ఉండి మిగిలిన ముక్కలు తిరిగి ఫ్రీజర్‌లోకి పోకూడదు. ఆ రాత్రి మిగతా కేకు ఏం చేశావని అడిగితే, "ఫ్రీజర్‌లో పెట్టానక్కా, రేపు పనమ్మాయికి ఇద్దామని" అంది. నేను ఫోన్‌లో ఉండగానే పారేయించాను.