ఊరి శ్మశానంలో తుమ్మ పెరిగితే: ఎవర్ని అడగాలి, ఏం చేయాలి

శ్మశానం బాగుచేద్దామని ఊళ్ళో కుర్రాళ్ళు బయల్దేరితే మొట్టమొదట జేసీబీకి ఫోన్ చేస్తారు. నేనైతే ముందు రెవెన్యూ రికార్డు తీయమంటాను. ప్రకాశం జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైనదాన్ని, కాగితం మీద ప్రేమ కాస్త ఎక్కువే అనుకోండి. కానీ హద్దు తేలకుండా ముళ్ళచెట్లు కొట్టించారంటే, మీరు చదును చేసిన జాగాని వచ్చే పంటకాలానికి పక్క రైతు దున్నేస్తాడు. అన్నాళ్ళూ ఆ తుమ్మ ముళ్ళే కంచె అన్నమాట. కంచె తీసేసే ముందు హద్దు రాళ్ళు పడాలి.

ఆంధ్రాలో అయితే గ్రామ సచివాలయంలో వీఆర్వోని, సర్వేయర్ని కలవండి. ఆర్‌ఎస్‌ఆర్‌లో, అంటే సర్వే నంబర్లవారీ పాత భూమి రిజిస్టరులో, ‘శ్మశానం పోరంబోకు’ అని ఏ సర్వే నంబర్లో ఎంత విస్తీర్ణం ఉందో రాసుకోండి. హద్దుల కొలతలు చూపే ఎఫ్‌ఎంబీ పటం నకలు అడగండి. తెలంగాణలో ఇదే పనికి తహసీల్దారు ఆఫీసులో సేత్వార్ (మొదటి సర్వే నాటి రిజిస్టరు), పాత పహాణీలు (ఏటేటా రాసే భూమి రికార్డులు) చూడాలి. ఊరికి ఒకటే శ్మశానం అనుకోవద్దు. ఊరి జనానిది ఒకటి, ఎస్సీ కాలనీది ఒకటి, జంగాల సమాధులు ఇంకోచోట, ఖబరస్తాన్, చర్చి సమాధుల తోట, ఇలా ఉంటాయి. కాలనీవాళ్ళది చాలాసార్లు ఏ వాగు గట్టునో ఉంటుంది, రికార్డులో శ్మశానం అని ఉండదు. అది కూడా జాబితాలో రాసి, ఆ జాగాని శ్మశానానికి కేటాయించమని తహసీల్దారుకి అర్జీ పెట్టండి. ఊరి దానికి సిమెంటు రోడ్డు, వాగు గట్టు దానికి మోకాలి లోతు బురద, ఈ వరస నేను చూసిన ఊళ్ళలో మామూలే. బాగుచేస్తే అన్నీ కలిపి చేయండి.

సర్వేయర్ కొలిచాక పక్క చేను గట్టు శ్మశానం లోపలికి జరిగిందని తేలితే పక్క రైతుతో గొడవకి దిగకండి. అది మీ పని కాదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద ముందు 7వ సెక్షన్ నోటీసు ఇచ్చి, తర్వాత ఖాళీ చేయించే అధికారం తహసీల్దారుది. అక్కడ ఫైలు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు నంబరు దాచుకోండి.

ఇక, ఎవరు చేయాలన్న ప్రశ్న. చట్టంలో ఇందుకు జవాబు సూటిగానే ఉంది. ఆంధ్రాలో 1994 పంచాయతీరాజ్ చట్టం 45వ సెక్షన్ పంచాయతీ తప్పనిసరిగా చేయాల్సిన పనులు చెబుతుంది. వీధి దీపాలు, మురుగు కాలవలతో పాటు శ్మశానాల నిర్వహణా అందులో ఉంది. పట్టణంలో అయితే మున్సిపాలిటీది. ఖబరస్తాన్ వక్ఫ్ ఆస్తి అయితే దాన్ని చూసుకునే ముతవల్లీనో కమిటీనో, సమాధుల తోట అయితే చర్చి కమిటీనో అడగాలి. వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా లోపల గడ్డపార వేయకండి. చట్టం తెలిసినా సర్పంచి ‘నిధుల్లేవు’ అనే అంటాడు. అప్పుడు ఆస్తుల రిజిస్టరు తెరిపించండి. శ్మశానం అందులో ఎక్కి ఉండకపోతే ఎక్కించమని గ్రామసభలో తీర్మానం అడగండి. రిజిస్టరులో లేని ఆస్తికి ఖర్చు రాస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని ఏ కార్యదర్శికైనా టెన్షనే. ఎక్కిన తర్వాత జనరల్ ఫండ్ నుంచీ, షరతుల్లేని ఆర్థిక సంఘం నిధుల నుంచీ ఖర్చు పెట్టే దారి ఉంటుంది.

ఉపాధి హామీ కూలీల చేత పీకించేద్దాం అనే సలహా ప్రతి గ్రామసభలోనూ వస్తుంది. 2005 నాటి ఆ చట్టం (దాని స్థానంలో 2025లో కొత్త చట్టం చేశారు) నిబంధనల్లో దహనవాటిక కట్టడానికి చోటుండేది. తెలంగాణలో వైకుంఠధామాలు ఆ నిధులతోనే చాలా లేచాయి. కానీ గడ్డి పీకడం, రాళ్ళేరడం లాంటి కొలతకి రాని, మళ్ళీ మళ్ళీ చేసే పనులు పెట్టకూడదని అందులోనే ఉండేది. అంటే కట్టడానికి డబ్బుండేది, కాపాడుకోడానికి ఉండేది కాదు. అమెరికా నుంచి డబ్బు పంపే మన పిల్లలదీ ఇదే వరస. గేటు కట్టిస్తారు, పైన ఆర్చి మీద తాతగారి పేరు వేయిస్తారు. తుమ్మ మొద్దు మీద పేరు వేయడం కుదరదుగా!

పనిలోకి వద్దాం. తొలకరి పడి నేల మెత్తబడ్డాక మొదలుపెట్టండి. అంతకుముందే ఒకరోజు పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే వేళ, నోటుబుక్కు పట్టుకుని లోపల తిరగండి. పాత సమాధుల మీద పేర్లు ఎక్కువగా సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసినవే. నడినెత్తి ఎండలో ఏమీ కనపడదు, ఏటవాలు వెలుగులో గీతల్లో నీడ పడి అక్షరం తేలుతుంది. పాచి ఉంటే నీళ్ళు చల్లి కొబ్బరి పీచుతో రుద్దండి. యాసిడ్, ఇనుప బ్రష్షు వాడితే పాచితో పాటు పేరూ పోతుంది. రాయీ రప్పా లేని ఉత్త మట్టి దిబ్బల చుట్టూ సున్నం గీయండి. ఏది ఎవరిదో ఊళ్ళో ముసలివాళ్ళని తీసుకొచ్చి అడగండి. సున్నం గీత లోపలికి మిషన్ రాకూడదు. అక్కడ మనుషులు కత్తులతో, గునపాలతో చేసుకోవాల్సిందే. ఒక సమాధి మిషన్ చక్రం కింద పడిందంటే ఆ కుటుంబం జన్మలో మరిచిపోదు.

సర్కారు తుమ్మ సంగతి చెప్పాలి. బొగ్గు బట్టీల వాళ్ళు కర్ర కోసం ఉచితంగా కొడతామంటారు. సంతోషపడకండి. వాళ్ళు భూమట్టానికి నరికి పోతారు, ఒక్క మాను ఉన్నచోట గుత్తిగా పిలకలు లేస్తాయి. చిగురు పుట్టేది నేలకి కాస్త కింద ఉన్న మొదట్లోంచి. మొద్దు చుట్టూ మూరెడు లోతు తవ్వి, ఆ ముడి కింద వేరు తెగేలా నరకాలి. వేలం పాట పెడితే ‘మొద్దులతో సహా’ అన్న షరతు రాయించండి. వేరు సమాధి కిందికి పోయి ఉంటే తవ్వొద్దు, పైన నరికి, లేచిన చిగురునల్లా విరిచేస్తూ ఉండండి. వయ్యారిభామని పూతకి ముందే, చేతులకి తొడుగులు వేసుకుని పీకాలి, ఒంటికి తగిలితే దద్దుర్లు. వేపలు, చింతలు కదపకండి. అవి కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. నిప్పు మాత్రం పెట్టకండి. తుమ్మ దుబ్బు కాలినా మళ్ళీ లేస్తుంది, పక్క చేలో గడ్డివాము లేవదు. పాముల కోసం ఒకవైపు నుంచే కర్రలతో తట్టుకుంటూ వెళ్ళండి, రెండో వైపు వాటికి దారి వదలండి.

ఆడవాళ్ళు శ్మశానంలోకి రాకూడదంటారు. నేను కొలతలకి వెళ్ళిన పూట ముసలి కాటికాపరి అడ్డం వచ్చి, ‘మేడంగారూ, పొద్దుగూకాక ఇటు రాకూడదండీ’ అన్నాడు. పొద్దున పదయింది. ‘పొద్దెక్కడ గూకింది తాతా, టేపు ఆ చివర పట్టుకో’ అన్నాను. పట్టుకున్నాడు. ఏ దిబ్బ ఎవరిదో నాకు చెప్పింది ఆయనే.

ఒకసారి బాగుచేసింది రెండు వానలకి మళ్ళీ అడవే. అందుకని ఊరికి కుదిరే ఒక పండగకి ముడిపెట్టండి. కరీంనగర్ కార్ఖానాగడ్డలో దళిత కుటుంబాలు దీపావళికి తమవాళ్ళ సమాధుల దగ్గరే దీపాలు పెడతారు, దానికి ముందే శుభ్రం చేసి రంగులేస్తారు. క్రైస్తవులకి సమాధుల పండగ, ముస్లింలకి షబే బరాత్ ఉన్నాయి. మిగతావాళ్ళు పెత్తర అమావాస్యకి ముందు వారం పెట్టుకోవచ్చు.

మధ్యలో గేటు తాళం, నీళ్ళ ట్యాంకు, పిలకలు విరవడం చూసుకునే మనిషి కావాలి. కాటికాపరి ఉంటే ఆయన్నే పెట్టండి. శవానికింత అని చేతిలో పెట్టే డబ్బు మీద ఆయన్ని వదిలేయకుండా, పంచాయతీ నుంచి నెలనెలా ఇచ్చేలా తీర్మానం చేయించండి. ఆ తీర్మానంలో ఆయన పేరూ, జీతం అంకే రెండూ పడేదాకా సభ్యుల్ని సంతకాలు పెట్టనివ్వకండి.