హైస్కూల్ సాఫ్ట్‌బాల్ నుంచి కళాశాల జట్టుకు – మూడో పాఠం: కోచ్ కంటితో ఆటను చూడటం

అమెరికాలో పిల్లలను సాఫ్ట్‌బాల్ ఆడిస్తున్న తెలుగు కుటుంబాల కోసం రాస్తున్న ఈ వరుసలో, గత పాఠంలో ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడలను నడిపే సంస్థ) మూడు డివిజన్ల తేడాను తెలుసుకున్నాం; వాటిలో డివిజన్ 1 పై స్థాయి. ఈసారి కన్నవారి కళ్లను కాసేపు పక్కనపెట్టి, వల వెనుక నోటుపుస్తకం పట్టుకుని నిలబడిన కళాశాల కోచ్ ఏం చూస్తారో చూద్దాం. ఇందుకు ఫోన్‌లోని స్టాప్‌వాచ్ చాలు.

మొదట పరుగు. హోమ్ ప్లేట్ నుంచి మొదటి బేస్‌కు దూరం 60 అడుగులు. బంతి బ్యాట్‌కు తగిలిన క్షణాన వాచీ నొక్కి, పాదం బేస్‌ను తాకగానే ఆపండి. చాలామంది అమ్మాయి పరుగు అందుకున్నాక నొక్కి, వచ్చిన అంకెను చూసి మురిసిపోతారు. కోచ్ వాచీలో ఆ అంకె రాదు. 3 సెకన్ల లోపు వస్తే మంచి వేగమే. కదులుతూనే బంతిని తట్టి పరుగు తీసే ఎడమచేతి స్లాపర్ల నుంచి మాత్రం 2.7 దరిదాపుల్లో ఆశిస్తారు, ఎందుకంటే వారు మొదటి బేస్‌కు దగ్గరగా నిలబడతారు, బంతి తగిలేసరికే కదలికలో ఉంటారు. అయిదు మ్యాచ్‌లలో కొలిచి, అన్నింటికంటే మంచి అంకెను కాకుండా తరచుగా వచ్చే అంకెను రాసుకోండి.

మీ అమ్మాయి క్యాచర్ అయితే ఇంకాస్త శ్రద్ధగా కొలవాలి. బంతి క్యాచర్ గ్లవ్‌లో పడిన చప్పుడు నుంచి, ఆమె విసిరిన బంతి రెండో బేస్ దగ్గరి ఫీల్డర్ గ్లవ్‌ను చేరేవరకు పట్టే కాలాన్ని పాప్ టైమ్ అంటారు. ఆ దూరం సుమారు 85 అడుగులు. సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్ చేతి నుంచి బంతి విడుదలయ్యేవరకు రన్నర్ బేస్ వదలకూడదు. మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కు దూసుకుపోయే (స్టీల్ చేసే) రన్నర్‌కు 2.7 సెకన్లు పడితే, అందులో దాదాపు అర సెకను బంతి క్యాచర్‌ను చేరడానికే పోతుంది, మిగిలేది 2.2 సెకన్లు. పాప్ టైమ్ కూడా అంతే అయితే ట్యాగ్ చేసే (బంతితో రన్నర్‌ను తాకే) వ్యవధి ఉండదు, 1.8 అయితే త్రో కొంచెం పక్కకు పోయినా రన్నర్ ఔటయ్యే అవకాశం మిగులుతుంది. ఈ కాలాన్ని తగ్గించడానికి భుజబలం ఒక్కటే మార్గం కాదు; గ్లవ్ నుంచి చేతికి బంతి మారే తీరులోనూ, పాదాలు తిరిగే తీరులోనూ చాలా సమయం దాగి ఉంటుంది. అది సాధనతో దొరికేదే కాబట్టి ముందు అక్కడే వెతకమని నా సలహా.

బ్యాటింగ్‌లో కోచ్ స్కోరును నమ్మరు. పిచ్చర్ 43 అడుగుల దూరం నుంచి గంటకు 60 మైళ్ల వేగంతో విసిరితే, బ్యాటర్‌కు అర సెకను కూడా దొరకదు. కళాశాలలో అంతకంటే వేగమైన పిచ్చర్లు ఎదురవుతారు. అందుకే నెమ్మది బంతిపై కొట్టిన హోమ్ రన్ కంటే, వేగమైన బంతిని గట్టిగా, సూటిగా కొట్టి ఫీల్డర్ చేతికి చిక్కిన షాటే కోచ్‌కు ఎక్కువ చెబుతుంది. రెండో, మూడో బేస్‌ల మధ్య ఆడే షార్ట్‌స్టాప్‌లపై కోచ్‌లకు ప్రత్యేకమైన మోజు ఉండటానికీ ఒక కారణం ఉంది: అక్కడ చురుగ్గా ఆడగలిగిన అమ్మాయిని రెండో బేస్‌కో, ఔట్‌ఫీల్డ్‌కో మార్చడం సులువు.

ఇక వాచీకి అందని సంగతులు. తప్పు చేసిన తరువాతి బంతికి ఆమె ఎలా సిద్ధమవుతుంది, ఆడని ఇన్నింగ్స్‌లో డగౌట్‌లో ఏం చేస్తుంది అన్నవి కోచ్‌లు గమనిస్తారు. వారి దృష్టి తల్లిదండ్రులపైనా ఉంటుంది. ప్రతి బంతికీ వల వెనుక నుంచి సూచనలు అరిచే నాన్నగారు కూతురికి తెలియకుండానే చెరుపు చేస్తున్నారు. ఎంతో ప్రేమతో చేస్తారు కనుకనే ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది, అయినా చెప్పక తప్పదు.

చదువు గురించి క్లుప్తంగా: డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులూ (ఇంగ్లిష్, గణితం, సైన్స్ వంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. అదనంగా తెచ్చుకున్న మార్కులు ప్రవేశానికీ, చదువు ఆధారంగా ఇచ్చే ఆర్థిక సాయానికీ అక్కరకొస్తాయి.

2018లో వచ్చిన నిబంధన ప్రకారం, పదకొండో తరగతి సెప్టెంబరు 1కి ముందు డివిజన్ 1 కోచ్‌లు అమ్మాయితో గానీ, కుటుంబంతో గానీ జట్టులోకి తీసుకోవడం గురించి మాట్లాడకూడదు. అంతకుముందు జవాబు రాకపోతే దాన్ని తిరస్కారమని అనుకోవద్దు. ఆ తరువాత కూడా, ఎంత బాగా ఆడినా, జట్టులో ఖాళీ లేకపోతే పిలుపు రాకపోవచ్చు. 2025–26 నుంచి, క్రీడాకారులకు కళాశాలలు నేరుగా డబ్బు చెల్లించేందుకు వీలిచ్చిన కొత్త ఒప్పందంలో చేరిన కళాశాలల్లో సాఫ్ట్‌బాల్ జట్టుకు 25 మంది పరిమితి ఉండటంతో ఆ లెక్క ఇంకా బిగుసుకుంది.

ఈ వారం అభ్యాసం: మీకు నచ్చిన అయిదు కళాశాలల జట్టు జాబితాలు తెరిచి, మీ అమ్మాయి హైస్కూల్ పట్టా అందుకునే ఏడాదికి ఆమె స్థానంలో ఎవరెవరు చదువు ముగించుకుని వెళ్లిపోతారో రాసుకోండి. పైన కొలిచిన అంకెలను ఆ కాగితం మీదే పక్కన చేర్చండి. వచ్చే పాఠంలో కోచ్‌కు పంపే వీడియోను తయారుచేసేటప్పుడు ఆ కాగితం మన ముందు ఉండాలి.