మూడు రివాల్వర్లు, ఒకే తూటా: రేంజిలో తేడా కొడితే ఏం చూడాలి

స్మిత్ అండ్ వెసన్ 686, రూగర్ జీపీ100, కోల్ట్ పైథాన్. ఈ మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టుకుని, తీరిగ్గా కాలుస్తూ ఏది మేలో తేల్చుకోవడం అమెరికా షూటింగ్ రేంజుల్లో పాత సరదా. పైథాన్ 1955లో వచ్చింది, మధ్యలో ఆగిపోయి 2020లో మళ్లీ మొదలైంది. 686 వచ్చింది 1980లో, జీపీ100 1985లో. మూడూ .357 మాగ్నమ్ తూటా కాల్చేవే. మూడింటిలోనూ కాస్త పొట్టిదైన .38 స్పెషల్ కూడా పేలుతుంది.

మధ్యాహ్నం అయ్యేలోపు ఏదో ఒకటి మొరాయిస్తుంది. వెంటనే "ఈ తుపాకీ ఇంతే" అనేస్తాం. ఆ తీర్పు చాలాసార్లు తప్పు. లోపం మసిలోనో, తూటాలోనో, మన చేతిలోనో ఉంటుంది. మూడూ ఒకే తూటా కాల్చేవి కాబట్టి, లోపం ఎక్కడుందో పట్టే సాధనం ఆ బల్ల మీదే ఉంది. అదే పెట్టెలోని తూటాలు పక్క రివాల్వర్‌లో వేసి చూడండి. ఇబ్బంది అక్కడా కనిపిస్తే తప్పు తూటాలది. మొదటి తుపాకీ దగ్గరే ఆగిపోతే తుపాకీది. కాల్చే మనిషి మారగానే మాయమైతే చేతిది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. తూటా, తుపాకీ, మనిషి మూడూ కలిపి మార్చేస్తే ఏమీ తేలదు.

సంచిలో పాత టూత్‌బ్రష్, ఫీలర్ గేజి (సన్నటి సందులు కొలిచే రేకులు), స్క్రూ గాడికి సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్, బారెల్ (గొట్టం) కన్నా పొడుగైన ఇత్తడి కడ్డీ, ఆరు ఖాళీ కేసులు (పేలిన తూటాల ఇత్తడి డొక్కులు), చిన్న టార్చి ఉండాలి. కాల్చి చూసేవి తప్ప, కింద చెప్పిన తుపాకీ పరీక్షలన్నీ సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే డ్రమ్ము) ఖాళీ చేసి, గదులు (అందులో తూటాలు కూర్చునే రంధ్రాలు) కళ్లతో చూసి, వేలితో తడిమి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి చేయాలి. అలా తుపాకీని పరీక్షిస్తున్నంతసేపూ తూటాలు బల్ల మీద ఉండకూడదు.

మన వాళ్లకు ఒక మాట. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఇందులోకే వస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. స్నేహితుడు పిలిచాడు కదా అని బయల్దేరే ముందే ఇది చూసుకోండి.

సిలిండర్ తిరగడం లేదు, లేదా ట్రిగ్గర్ ఉన్నట్టుండి బరువెక్కింది

రేంజిలో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. కారణాలు చాలా ఉన్నాయి కాబట్టి, తేలికైన వాటినుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తీసేస్తూ వెళ్లాలి.

ముందు ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద చూడండి; పేలిన కేసుల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క అది. సగం కాలిన తుపాకీ మందు పలుకులు రెండు మూడు అక్కడ చేరితే చాలు, నక్షత్రం పూర్తిగా కూర్చోదు. సిలిండర్ వెనక్కి ఒత్తుకుని బిగుస్తుంది. నక్షత్రాన్ని తోసే ఎక్స్‌ట్రాక్టర్ కడ్డీని నొక్కి పట్టుకుని నక్షత్రం అడుగునా, అది కూర్చునే గూటిలోనూ పొడి బ్రష్‌తో తుడవండి. అక్కడ నూనె వేయొద్దు, నూనె ఉంటే మందు పలుకులు ఇంకా అంటుకుంటాయి. ఇది మళ్లీ మళ్లీ వస్తుంటే మీరు కేసులు తీసే తీరు మార్చుకోవాలి. గొట్టం పైకెత్తి కడ్డీని ఒక్కసారి గట్టిగా నొక్కితే కేసులతో పాటు చెత్త కూడా కిందికి పోతుంది. గొట్టం అడ్డంగా ఉంచి నెమ్మదిగా తోస్తే చెత్త నక్షత్రం కిందే మిగులుతుంది.

రెండోది 686లో ఎక్కువగా కనిపిస్తుంది: కాలుస్తుండగా ఎక్స్‌ట్రాక్టర్ కడ్డీ మర వదులై కొద్దిగా పొడుగవుతుంది. అప్పుడు సిలిండర్ తిరగడమే కాదు, తెరుచుకోవడమూ కష్టమవుతుంది. ఇప్పటి స్మిత్ అండ్ వెసన్‌లలో ఈ కడ్డీది ఎడమ మర, అంటే మామూలు స్క్రూకి తిరగబడిన దిశలో బిగుస్తుంది. ఇది తెలియక బిగించబోయి పూర్తిగా విప్పేసేవాళ్లు ఎక్కువ. బిగించే ముందు ఆరు గదుల్లోనూ ఖాళీ కేసులు పెట్టాలి. లేకపోతే బలమంతా నక్షత్రాన్ని పట్టి ఉంచే చిన్న పిన్నుల మీద పడుతుంది. కడ్డీ గీసుకుపోకుండా తోలు ముక్క చుట్టి వేళ్లతో బిగించి, ఆపైన కొద్దిగా మాత్రం పనిముట్టు వాడండి.

మూడోది, ప్రైమర్ (కేసు అడుగున ఉండి, దెబ్బ తగిలితే మందుని అంటించే చిన్న టోపీ) పైకి పొడుచుకు రావడం. ఇంట్లో నింపుకున్న తూటాల్లో ఇది మామూలే. ప్రైమర్ కేసు అడుగుకి సమంగానో, వెంట్రుకవాసి లోపలికో ఉండాలి. బల్ల మీద తూటాని నిలబెట్టండి, ఊగితే అది పక్కన పెట్టాల్సిందే. అనుమానం ఉంటే పెట్టెలోని తూటాలన్నిటి అడుగూ వేలితో తడమండి.

నాలుగోది, గుండు (తూటాలోంచి ఎగిరిపోయే మొన) ముందుకు జరగడం. తేలికపాటి రివాల్వర్‌లో బలమైన తూటాలు కాలిస్తే ఆ కుదుపుకి మిగతా గదుల్లోని గుండ్లు కేసులోంచి జరిగి, సిలిండర్ ముందు అంచు దాటి బారెల్‌కి తగులుకుంటాయి. బరువైన ఈ మూడింటిలోనూ ఇది అరుదు, కేసు మూతి సరిగ్గా నొక్కని తూటాల వల్లే వస్తుంది. ఆ పెట్టె ఆపేయండి.

ఇవేవీ కాకపోతే సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందు కొలవాలి. 0.004 నుంచి 0.008 అంగుళం దాకా ఉంటే బాగున్నట్టే. 0.003 కన్నా తక్కువైతే తుపాకీ వేడెక్కి మసి పట్టాక రాసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు హాయిగా తిరిగి, యాభై తూటాల తర్వాత బిగుసుకునే రివాల్వర్‌లో ముందు అనుమానించాల్సింది ఈ సందునే. సిలిండర్ ముందు ముఖం తుడిస్తే ఆ రోజుకి గడుస్తుంది.

పాత 686 కొన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. 1987కి ముందు తయారైన 686, 686-1 లలో కొన్ని .357 తూటాల ప్రైమర్ లోహం ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే సూది) రంధ్రంలోకి ఉబ్బి సిలిండర్‌ని పట్టేసేది. కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేసింది. సరిచేసిన వాటి మీద, సిలిండర్ తెరిస్తే కనిపించే మోడల్ నంబరు పక్కన ఎం అనే అక్షరం కొట్టి ఉంటుంది.

సినిమాల్లోలాగా మణికట్టు విసిరి సిలిండర్ మూసే అలవాటు ఎవరికైనా ఉంటే ఆ బల్ల దగ్గరే ఆపించండి. ఆ దెబ్బకి సిలిండర్‌ని మోసే లోహపు చేయి వంగుతుంది, ఆపైన గదులు గొట్టానికి ఎదురుగా రావు. ఇది రేంజిలో బాగుచేసే పని కాదు.

హ్యామర్ (ప్రైమర్‌కి దెబ్బ కొట్టే సుత్తి) పడింది, పేలలేదు

గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటా అరుదే, కానీ సిలిండర్ తెరిచాక పేలితే చేయి పోతుంది. డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ లేచి పడే పద్ధతి) చేయి తొందరపడి మళ్లీ ట్రిగ్గర్ లాగితే, ఆ తూటా ఉన్న గది పక్కకి తిరిగిపోయి గొట్టానికి ఎదురుగా కాక చట్రం పక్కన ఉంటుంది. ఈ అలవాటు మానుకోవాలి.

తర్వాత తూటా బయటికి తీసి, ప్రైమర్ మీద గుంటని పేలిన కేసు గుంటతో పోల్చండి. గుంట అంతే లోతుగా ఉంటే ప్రైమరే చెడ్డది. లోతు తక్కువైతే దెబ్బలో బలం లేదు. రెండోసారి కొడితే పేలిందంటే, ప్రైమర్ లోపలికి పూర్తిగా కూర్చోలేదేమో చూడాలి. మొదటి దెబ్బ దాన్ని కూర్చోబెట్టడానికే ఖర్చయిపోతుంది.

దెబ్బ బలహీనమైతే 686లో పిడి ముందు అంచున, కింది భాగంలో ఉండే స్ట్రెయిన్ స్క్రూ చూడండి. మెయిన్ స్ప్రింగ్‌ని వంచి పట్టేది అదే, హ్యామర్‌కి బలమిచ్చేది ఆ స్ప్రింగే. ట్రిగ్గర్ తేలికవుతుందని దాన్ని అర చుట్టు వదులు చేసేవాళ్లున్నారు. ఆ స్క్రూ ఉన్నది ట్రిగ్గర్ బరువు సరిచేసుకోవడానికి కాదు, చివరంటా బిగించి ఉంచాలి. జీపీ100లో చుట్ట స్ప్రింగు ఉంటుంది, ఇలాంటి స్క్రూ ఉండదు. అందులో ఇబ్బంది వస్తే ముందటి యజమాని తేలిక స్ప్రింగు వేశాడేమో అడగండి. తేలిక స్ప్రింగులతో ఫెడరల్ కంపెనీ ప్రైమర్లు పేలి, సీసీఐ లాంటి గట్టి ప్రైమర్లు పేలకపోవడం తరచూ కనిపిస్తుంది. మూడు తుపాకుల్లో ట్రిగ్గర్ ఏది హాయిగా ఉందో పోల్చే ముందు, ఏ స్ప్రింగు అసలుదో తెలుసుకోవడం న్యాయం.

చప్పుడు తుస్సుమంది, కుదుపు రాలేదు

ఇంకొక్క తూటా కూడా కాల్చకూడదు. మందు లేకుండా ప్రైమర్ ఒక్కటే పేలితే గుండు బారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. వెనకాలే ఇంకొకటి కాలిస్తే బారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. 30 సెకన్లు ఆగి, సిలిండర్ తెరిచి, తూటాలన్నీ తీసేసి, వెనక నుంచి టార్చి వేయండి. వెలుతురు రాకపోతే గుండు లోపలే ఉంది. గొట్టం చివర నుంచి కొద్దిగా నూనె వేసి, ఇత్తడి కడ్డీతో చిన్న దెబ్బలు కొడుతూ వెనక్కి తోయాలి.

గుండు సగం సిలిండర్‌లో, సగం బారెల్‌లో ఇరుక్కుంటే సిలిండర్ తెరుచుకోదు. మిగతా గదుల్లో పేలని తూటాలు ఉంటాయి. బలవంతం చేయకుండా గొట్టం అలాగే ఉంచి రేంజి అధికారిని పిలవండి.

పక్కన నిలబడ్డవాళ్ల మీద సీసం తునకలు పడుతున్నాయి

సిలిండర్ సందులోంచి వేడి వాయువు రావడం మామూలే. అందుకే కళ్లజోడు తీయకూడదు, వేళ్లు సిలిండర్ ముందు అంచు దాటకూడదు. తునకలు వస్తున్నాయంటే మాత్రం గది బారెల్‌కి సూటిగా రాక, గుండు అంచు చెక్కుకుపోతోందన్నమాట.

ముందు బారెల్ వెనక నోట్లో సీసం పేరుకుందేమో చూడండి. పాత బోర్ బ్రష్‌కి అసలు రాగి పీచు చుట్టి రుద్దితే ఊడివస్తుంది. రాగి పూత పూసిన ఉక్కు పీచు వాడితే లోపల గీతలు పడతాయి, అయస్కాంతంతో పరీక్షించుకోండి. తర్వాత ఖాళీ తుపాకీలో సిలిండర్‌ని వేలితో కొద్దిగా ఆపుతూ హ్యామర్‌ని మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ నిలిచేలోపే సిలిండర్ తాళం టక్కున పడాలి. ఆరు గదులకీ ఇలా చూడండి. ఏ ఒక్కదాంట్లో ఆలస్యమైనా టైమింగ్ పోయింది, అంటే గది సమయానికి బారెల్‌కి ఎదురుగా రావడం లేదు, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాల్సిందే. సందు 0.010 అంగుళం దాటినా అంతే.

ఖాళీ కేసులు ఊడి రావడం లేదు

.38 కేసు పొడుగు 1.155 అంగుళాలు, .357ది 1.290. పొద్దుటి నుంచి .38 కాలిస్తే, ఆ తేడా ఉన్నచోట గదిలో మసి ఉంగరంలా గట్టిపడుతుంది. తర్వాత .357 వేస్తే లోపలికి బిగుతుగా వెళ్తుంది, పేలాక అతుక్కుంటుంది. అందుకని ముందు .357 కాల్చేసి, .38 చివరికి పెట్టుకోండి. మసి అప్పటికే పట్టి ఉంటే, ఒక సైజు పెద్ద ఇత్తడి బ్రష్‌కి సాల్వెంట్ రాసి గదిలో తిప్పాలి.

శుభ్రమైన గదుల్లోంచి కూడా కేసులు రాకుండా, ప్రైమర్లు చదునుగా అణిగిపోయి కనిపిస్తే పీడనం ఎక్కువైంది. .357కి గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, అంటే 35,000 పీఎస్‌ఐ. ఆ పెట్టె కట్టేయండి.

గుండ్లు ఒకచోట పడటం లేదు

తుపాకుల మధ్య పోటీ అసలు చెడేది ఇక్కడే. ఒకదాంట్లో 158 గ్రెయిన్ (గుండు బరువు కొలత), ఇంకోదాంట్లో 125 గ్రెయిన్ గుండ్లు కాల్చి పోలిస్తే అర్థం లేదు. రివాల్వర్‌లో బరువైన, నెమ్మదైన గుండు ఎక్కువసేపు గొట్టంలో ఉంటుంది, ఆలోపు గొట్టం పైకి లేస్తుంది, గుండు పైన పడుతుంది. ఒకే పెట్టె, ఒకే దూరం, చేతుల కింద ఇసుక సంచి పెట్టుకుని ఒక్కోదానితో ఆరేసి చొప్పున మూడు కాగితాలు కాల్చండి.

సంచి మీద గుంపు దగ్గరగా వచ్చి, చేతుల్లోంచి చెదిరితే కారణం చేయి. కుడిచేతి వాటం వాళ్లకి గుండ్లు ఎడమ కిందికి పోతున్నాయంటే ట్రిగ్గర్‌తో పాటు పిడికిలి అంతా బిగుస్తోంది. మూడు తూటాలు, మూడు పేలిన కేసులు కలగలిపి పక్కవాళ్లతో సిలిండర్ నింపించుకోండి. ఖాళీ కేసు మీద హ్యామర్ పడినప్పుడు గొట్టం ముందుకి వాలితే రోగం బయటపడినట్టే. వరస ఊహించడానికి వీల్లేకుండా చేయడం ముఖ్యం: వెనక నుంచి చూస్తే పైథాన్ సిలిండర్ గడియారం ముల్లు దిశలో, మిగతా రెండూ వ్యతిరేక దిశలో తిరుగుతాయి.

ఐదు ఒకచోట పడి ఒక్కటే దూరంగా పోతుంటే గదులకి మార్కర్‌తో అంకెలు వేసి, ఏ గది ఎక్కడ కొడుతోందో కాగితం మీద రాసుకోండి. ప్రతిసారీ అదే గది అయితే తప్పు ఆ గదిది. గుంపు మొత్తం పక్కకి జరిగితే గురి చూసే వెనక సైటుని గుండు ఎటు పడాలో అటే జరపాలి. సైటు మధ్య దూరం 190 మిల్లీమీటర్లుంటే, 1 మిల్లీమీటరు తేడా 25 గజాల దగ్గర 12 సెంటీమీటర్లవుతుంది. అందుకని స్క్రూని ఒక్కో టిక్కు చొప్పునే తిప్పండి.

ముగించేటప్పుడు చేతులూ ముఖమూ చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కున్నాకే తినడం, తాగడం. సీసం ధూళి బట్టలకి అంటి ఇంటికొస్తుంది, వాటిని విడిగా ఉతకండి, పిల్లల్ని ఎత్తుకునే ముందే మార్చుకోండి.