పోతురాజు ఫొటోలన్నీ అలికేసినట్టే వచ్చాయి
లాల్ దర్వాజా బోనాలకి వెళ్లి, పోతురాజు కొరడా ఝళిపిస్తుంటే వరసపెట్టి 40 ఫొటోలు తీశాను, ఇంటికొచ్చి చూస్తే ముఖం, కొరడా అన్నీ అలికేసినట్టే ఉన్నాయి. లెన్స్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే తప్పు నాదే: మధ్యాహ్నం చార్మినార్ తీసిన అపర్చర్ ప్రయారిటీలోనే (లెన్స్ రంధ్రం మనం పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకునే మోడ్), రంధ్రం ఎఫ్/8, ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 100 మీదే వదిలేశాను, పొద్దు వాలేసరికి వెలుతురు చాలక కెమెరా షట్టర్‌ని 1/20 సెకనుకి దించేసింది, అంతసేపు తెరిచి ఉంటే కదిలేదంతా అలికిపోతుంది. కదలని కట్టడానికి ఆ మోడ్ హాయి, చిందేసే మనిషికి కాదు.

మర్నాడు ఊరేగింపులో షట్టర్ ప్రయారిటీ (షట్టర్ వేగం మనమే పెట్టే మోడ్), 1/500 సెకను, ఐఎస్‌ఓ ఆటో. కాస్త నాయిస్, అంటే ఫొటోలో చుక్కల గరుకుదనం, వచ్చింది (రానీ), కానీ నడుముకి కట్టిన వేపమండల్లో ఆకులు విడివిడిగా తెలిశాయి. రాత్రి దుర్గం చెరువు తీగల వంతెనకి మాత్రం మాన్యువలే, అంటే అన్నీ మనమే పెట్టుకోవడం. లైట్ల రంగు మారినప్పుడల్లా ఆటో లెక్క తప్పుతోంది, అందుకే ట్రైపాడ్ మీద ఎఫ్/8, 8 సెకన్లు పెట్టి తీశాను.