చవక మాంసం మెత్తబడింది

హోటల్ చైనీస్‌లో మాంసం ముక్క పంటికింద ఇట్టే నలుగుతుంది. ఇంట్లో చవక రకం తెచ్చి వండితే తోలులా సాగేది. ఖరీదైన సాస్‌లు మార్చినా లాభం లేకపోయింది. పనిచేసింది వంటసోడా!

పీచుకు అడ్డంగా పల్చగా కోసి, పావుకిలోకి అర టీస్పూన్ సోడా పట్టించి 20 నిమిషాలు ఉంచాను. సోడా క్షారగుణానికి ముక్క పైభాగంలోని మాంసకృత్తులు వేడి తగిలినా గట్టిగా బిగుసుకోవు, నీరు లోపలే నిలుస్తుంది. తర్వాత మాత్రం బాగా కడగాలి, లేదంటే సబ్బు రుచి తగులుతుంది. తడి లేకుండా ఒత్తేసి సోయాసాస్, చెంచాడు కార్న్‌ఫ్లోర్, కాస్త నూనె కలిపాను.

ఇంటి పొయ్యికి హోటల్ మంట రాదు కదా, అందుకే మూకుడు బాగా కాలాక గుప్పెడు గుప్పెడుగా వేయించాను. అంతా ఒకేసారి గుమ్మరిస్తే నీరూరి ఉడికిపోతుంది. అదే మూకుట్లో క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు దండిగా వేస్తే కొద్దిపాటి మాంసమే అందరికీ సరిపోతోంది.