రెవిట్‌లో బ్రిక్ వెనీర్ గోడ, కింద లెడ్జ్ ఎలా చేయాలి

రెవిట్ (భవనాలని 3డిలో మోడల్ చేసే సాఫ్ట్‌వేర్) వాడి అమెరికా ఇళ్ల డ్రాయింగ్స్ చేసేవాళ్లకి ఇది రోజూ తగిలేదే. అక్కడ ఇటుక పైపొర మాత్రమే (అదే వెనీర్), ఇంటి బరువు మోయదు, లోపల చెక్క స్టడ్స్ (నిలువు కర్రలు) మోస్తాయి, ఇటుక మాత్రం ఫౌండేషన్ మీద చెక్కిన లెడ్జ్ (మెట్టులాంటి అంచు) మీద కూర్చుంటుంది.

ముందు లెక్క చూసుకోండి: ఇటుక 3 5/8, గాలి గ్యాప్ 1, షీతింగ్ (స్టడ్స్ బయట కొట్టే పలక) 1/2, మొత్తం 5 1/8 అంగుళాలు, అదే లెడ్జ్ వెడల్పు. ఫౌండేషన్ 10 అంగుళాలైతే లోపల మిగిలిన 4 7/8లో టూ బై ఫోర్ సిల్ ప్లేట్ (స్టడ్స్ కింద ఫౌండేషన్ మీద పరిచే చెక్క) హాయిగా పడుతుంది, టూ బై సిక్స్ అయితే పట్టదు, 12 అంగుళాల గోడ పెట్టాల్సిందే.

వాల్ టైప్‌లో ఎడిట్ స్ట్రక్చర్‌కి వెళ్లి ప్రివ్యూని సెక్షన్‌కి మార్చి, మాడిఫై నొక్కి ఇటుక లేయర్, గ్యాప్ లేయర్ రెండిటి కింది అంచుల తాళం తీసేయండి (చాలామంది వదిలేసేది ఇదే, తాళం తీయకపోతే లేయర్‌ని ఎంత కిందికి దింపాలో ఇచ్చే బేస్ ఎక్స్‌టెన్షన్ డిస్టెన్స్ గ్రే అయిపోయి ఉంటుంది). తర్వాత ఇటుకని 8 అంగుళాలు కిందికి దింపండి, మాడ్యులర్ ఇటుక మూడు వరసలు సరిగ్గా అంతే వస్తాయి కాబట్టి సగం ఇటుక గొడవ ఉండదు.

ఫౌండేషన్ గోడకి అదే కొలతల ప్రొఫైల్‌తో పైనుంచి రివీల్ (గోడలో గాడి కోసే టూల్) ఇస్తే లెడ్జ్ రెడీ. లొకేషన్ లైన్ (గోడని ఏ గీత మీద నిలపాలో చెప్పే సెట్టింగ్) కోర్ ఫేస్ ఎక్స్‌టీరియర్‌కే, అంటే స్టడ్స్ పొర బయటి ముఖానికే పెట్టండి, లేదంటే ఇటుక మందం మార్చినప్పుడల్లా స్టడ్స్ జరుగుతాయి. ఫ్లాషింగ్ (నీళ్లు లోపలికి పోకుండా వేసే రేకు), వీప్ హోల్స్ (నీళ్లు బయటికి పోయే చిల్లులు) మోడల్ చేయడం దండగ, 2డి డీటెయిల్‌లో గీసేయండి చాలు.