రామతీర్థం కొండలు, విజయనగరం వీధులు: గైడును పెట్టుకుని కాలినడకన ఎలా చూడాలి?

రామతీర్థం వెళ్లేవాళ్లలో చాలామంది కింది గుళ్లో రాముణ్ణి దర్శించుకుని, కోనేటి గట్టు మీద ఫొటో దిగి, వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్లిపోతారు. గుడి పరిసరాల్లోని మూడు కొండల (గురుభక్తుల కొండ, దుర్గకొండ, బోధికొండ) మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి, జైన తీర్థంకరుల విగ్రహాలున్న గుహ ఉంది, చాళుక్యుల కాలపు శాసనం ఉంది. వాటి దగ్గరికి సొంతంగా వెళ్తే ముళ్లపొదల్లో దారి తప్పుతారు. తప్పకుండా చేరినా ఎదురుగా కనిపించేవి ఇటుకల కుప్పలే. అందుకే గైడు కావాలి. అయితే ఎలాంటి గైడు, ఏ కొండ ముందు, ఏం అడగాలి అన్నవి బయల్దేరకముందే తేల్చుకుంటేనే రోజు కలిసొస్తుంది.

మనిషిని వెతకడం

ఈ కొండల మీద రెండు రకాల తెలివి అవసరం. ఒకటి దారి తెలియడం, రెండోది గోడను చూసి అదేమిటో చెప్పగలగడం. ఈ రెండూ ఒకే మనిషిలో దొరకడం అరుదు. మేకలు కాసేవాళ్లకు, కట్టెలకు వెళ్లేవాళ్లకు ప్రతి బండా తెలుసు. కానీ వాళ్లకు ప్రతి విగ్రహమూ దేవుడే, ప్రతి గోడా పాండవులు కట్టిందే. విజయనగరంలో చరిత్ర చదువుకున్న విద్యార్థులు, కాలేజీల్లో చరిత్ర చెప్పే మాస్టార్లు శాతవాహనుల నుంచి విజయనగరం ఏలిన పూసపాటి వారి దాకా గడగడా చెప్తారు. కానీ గురుభక్తుల కొండ ఎక్కే మలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ చూస్తారు. కుదిరితే ఇద్దర్నీ తీసుకెళ్లండి: ఊళ్లోంచి ఒకరు, పట్నం నుంచి ఒకరు. ఖర్చు కొంచెం ఎక్కువైనా పెట్టవలసిన ఖర్చే. ఒక్కరినే పెట్టుకోగలిగితే దారి తెలిసిన మనిషినే పెట్టుకోండి. చరిత్ర ముందురోజు చదువుకోవచ్చు, కొండ దారి చదివితే రాదు.

ఊళ్లో మనిషి కోసం గుడి దగ్గర కొబ్బరికాయలు, పూలు అమ్మే దుకాణాల్లో అడగండి. "బాబాయ్, గురుభక్తుల కొండ మీది ఇటుక గోడల దాకా తీసుకెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని సూటిగా అడగాలి. ఉత్తినే "కొండ చూపించండి" అంటే మెట్లున్న బోధికొండకే తీసుకెళ్తారు, దానికి గైడు అక్కర్లేదు.

చరిత్ర చెప్పే మనిషిని ఫోన్‌లోనే పరీక్షించవచ్చు. "దుర్గకొండ గుహలో ఉన్నది బుద్ధుడా, తీర్థంకరుడా? ఎలా గుర్తుపట్టాలి?" అని అడగండి. తడుముకున్నా ఫర్వాలేదు. "అన్నీ బుద్ధుడివేనండి" అని తేల్చేస్తే మాత్రం వేరే మనిషిని చూసుకోండి.

ముందే మాట్లాడుకోవలసినవి

డబ్బు, వేళ, ఎన్ని కొండలు అన్న మూడూ ముందే తేలిపోవాలి. ఊళ్లో మనిషికి పూట పనైనా ఒక రోజు కూలీకి తగ్గకుండా ఇవ్వండి, ఎందుకంటే మీ కోసం ఆ రోజు పనికి వెళ్లడం మానుకుంటాడు. టిఫిన్, భోజనం మీ ఖర్చే. ఇద్దరు గైడ్లుంటే ఇద్దరికీ ఎవరికి ఎంతన్నది విడివిడిగా చెప్పండి. ఒకరి చేతికిచ్చి పంచుకోమంటే కొండ దిగాక తగవు మొదలవుతుంది.

జట్టులో ఆరుగురికి మించొద్దు. గుహలో పదిమంది నిలబడితే శాసనం మీద నీడ తప్ప ఏమీ కనబడదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఆ సంగతి గైడుకు ముందే చెప్పి, వాళ్లకు కింది గుడి, కోనేరు, మర్నాటి పట్నం నడక మాత్రం పెట్టండి. సగం ఎక్కాక ఒకరు ఆగిపోతే గైడు వాళ్ల దగ్గర కూర్చోవాలి, మిగతావాళ్ల ప్రయాణం అక్కడితో సరి.

వెళ్లడానికి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం కబురుంటే వాయిదా వేసుకోండి. మార్చి దాటితే పదింటికే బండ కాలుతుంది. శివరాత్రికి, శ్రీరామనవమికి రామతీర్థంలో ఇసకేస్తే రాలనంత జనం. ఆ రోజులు దర్శనానికే గానీ శిథిలాలు చూడటానికి పనికిరావు.

తీసుకెళ్లవలసినవి కొన్నే: మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు, టోపీ లేదా తువ్వాలు, మంచి టార్చి, చిన్న కొలత టేపు. తేనెపట్లుండే బండలున్న చోట్లకు సెంటు పూసుకుని వెళ్లకండి, కింద పొగ పెట్టకండి, గట్టిగా కేకలు వేయకండి. గుడి దగ్గర కోతులుంటాయి, ప్లాస్టిక్ సంచి చేతిలో వేలాడితే లాక్కుంటాయి. తిండి భుజాన వేసుకునే సంచిలో పెట్టి జిప్ వేయండి.

విజయనగరం నుంచి రామతీర్థం సుమారు 12 కిలోమీటర్లు, నెల్లిమర్ల మీదుగా దారి. ఆరింటికల్లా కొండ కింద ఉండాలంటే బస్సును నమ్ముకోకుండా ముందురోజే ఆటో మాట్లాడుకోండి. టిఫిన్ నెల్లిమర్లలో కట్టించుకోండి. చోడి (రాగి) అంబలి దొరికితే ఒక సీసాలో పోయించుకోండి, ఎండలో అంతకన్నా హాయి ఇంకోటి లేదు.

మొదట గురుభక్తుల కొండ

చాలామంది గైడ్లు బోధికొండతో మొదలుపెడతారు, గుడి ఉంది కాబట్టి, మెట్లు ఉన్నాయి కాబట్టి. ఒప్పుకోకండి. కష్టమైన కొండను చల్లటి వేళ ఎక్కాలి. గురుభక్తుల కొండ మీది బౌద్ధ శిథిలాలు చుట్టుపక్కల నేలకు దాదాపు 500 అడుగుల ఎత్తున, కొండ అంచున ఉన్న ఇరుకైన చదునులో ఉన్నాయి. ఆగుతూ ఎక్కితే ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. దారి తెలిసిన మనిషి ముందు, చరిత్ర చెప్పే మనిషి చివర నడవాలి. చలికాలం పొద్దున మంచు పడి బండ తడిగా ఉంటే ఎండ తగిలేదాకా నున్నటి చోట కాలు పెట్టకండి, గరుకు మీదే నడవండి. జారేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. అందుకే దిగే దారిలో మాటలు ఆపించండి.

చదును మీదికి చేరగానే కెమెరా తీయకుండా పది నిమిషాలు చివరి నుంచి చివరికి నడవండి. తర్వాత గైడును ఒక్కో కట్టడం దగ్గర ఆపి "ఇది స్తూపమా, చైత్యమా, విహారమా?" అని అడగండి. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గుండ్రంగా, లోపల ఖాళీ లేకుండా నిండుగా కట్టింది స్తూపం. పొడుగ్గా ఉండి వెనకవైపు ఏనుగు పిరుదులా గుండ్రంగా తిరిగితే చైత్యం, అందుకే దాన్ని గజపృష్ఠాకారం అంటారు. వరసగా చిన్న చిన్న గదులుంటే భిక్షువులు ఉన్న విహారం. ఈ మూడూ కంటికి పడ్డాక ఇటుక కుప్పలు ఒక ఊరుగా కనిపించడం మొదలవుతుంది: ఇక్కడ పూజ, ఇక్కడ పడక, ఇక్కడ నీళ్లు.

ఇప్పుడు కొలత టేపు తీయండి. పూర్తిగా ఉన్న ఒక ఇటుకను, కదపకుండా, పొడవు కొలవండి. మన ఇళ్లకు వాడే ఇటుక 9 అంగుళాలు. ఆ కాలపు బౌద్ధ కట్టడాల్లో ఇటుక దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. గోడలో ఎక్కడైనా చిన్న ఇటుక, సిమెంటు కనిపిస్తే అది ఈమధ్య చేసిన మరమ్మతు. పాతది ఏది, అతికింది ఏది అన్నది గైడు చెప్పక్కర్లేకుండా మీకే తెలుస్తుంది.

ఇక్కడ తవ్వకాలు జరిపినవాడు పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ, 1908 ప్రాంతంలో మొదలుపెట్టాడు. శాతవాహనుల కాలానిదిగా చెప్పే, శివమక అనే పేరున్న మట్టి ముద్ర, తర్వాతి కాలపు రాజవంశం విష్ణుకుండినుల నాణేలు దొరికినవి ఈ రామతీర్థంలోనే. అంటే శాతవాహనుల నాటి నుంచి కొన్ని వందల ఏళ్ల పాటు ఇక్కడ భిక్షువులు ఉన్నారన్నమాట. ఊరికి దూరంగా ఇంత ఎత్తున ఎందుకు కట్టారని గైడును అడగండి. జవాబుకు ఆధారం అక్కడే ఉంటుంది: అంచున నిలబడి చూస్తే కింద పొలాలు, చెరువులు, ఊళ్లు కనిపిస్తాయి. భిక్షకు దిగి వెళ్లేంత దగ్గర, ధ్యానానికి అడ్డు రానంత దూరం.

గోడల మీద నడవొద్దు, కూర్చోవద్దు. పెంకు ముక్క జేబులో వేసుకోవద్దు, గైడు ఇచ్చినా సరే. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా వేసే చట్టం ఉంది. ఇటుకల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, పాములుంటాయి.

ఎండ ముదిరాక దుర్గకొండ గుహ

తొమ్మిదిన్నర, పదికి దిగి టిఫిన్ చేసి దుర్గకొండకు వెళ్లండి. ఇక్కడ చూడవలసింది నీడలోనే ఉంది కాబట్టి ఈ వేళకు సరిపోతుంది. గుహలోకి వెళ్లేముందు దారి తెలిసిన మనిషిని కర్రతో తట్టి చూడమనండి. గబ్బిలాలుంటే ముక్కుకు తువ్వాలు కట్టుకోండి.

తీర్థంకరుణ్ణి గుర్తుపట్టడానికి మూడు గుర్తులు చూడండి. ఒంటి మీద బట్ట గీత లేకుండా దిగంబరంగా ఉండటం మొదటిది. బుద్ధుడికైతే భుజం మీదుగా సంఘాటి (భిక్షువుల పైబట్ట) అంచు గీతలా కనిపిస్తుంది. నిలుచున్న విగ్రహానికి చేతులు రెండూ ఒంటికి తగలకుండా నిటారుగా కిందికి వేలాడితే అది కాయోత్సర్గం, జైనులది. తల మీద పాము పడగలుంటే పార్శ్వనాథుడై ఉండే అవకాశం ఎక్కువ. పసుపు, కుంకుమ, నూనె దట్టంగా పట్టిన విగ్రహాల మీద ఈ గుర్తులు కనబడవు. అలాగని గోకి చూడకండి. వాటికి ఇప్పటికీ పూజ జరుగుతోంది, చెప్పులు బయటే విడవండి.

శాసనం దగ్గర ఎక్కువసేపు ఉండండి. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలం నాటిది, అంటే పదకొండో శతాబ్దం మొదట్లోది. ఆయన గురువు, దేశిగణం అనే జైన మునుల శాఖకు చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ రామకొండకు వచ్చి నమస్కరించాడని చెక్కించారు, కన్నడంలో. వేంగి ఏలుతున్న రాజుకు జైన ఆచార్యుడు గురువుగా ఉండటం, ఆయన ఇంత దూరం తీర్థయాత్రకు రావడం గురించి ఇంతకన్నా గట్టి సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడు రాముడి పేరుతో పిలిచే కొండకు జైనులూ అదే పేరుతో మొక్కారు.

అక్షరాలు కనబడకపోతే ఫోన్ లైటు ఎదురుగా వేయకండి, రాయి అంతా ఒకే తెల్లగా కనిపిస్తుంది. టార్చిని గోడకు పక్కగా ఆనించినంత దగ్గర పెట్టి, వెలుతురు ఏటవాలుగా పాకేలా తిప్పండి. గాడుల్లో నీడ పడి ఒక్కో అక్షరం లేచి నిలబడుతుంది. ఒకరు లైటు పట్టుకుంటే ఇంకొకరు ఫొటో తీయాలి. సుద్ద రాయడం, నీళ్లు చల్లడం, బొగ్గు పూయడం చేయనివ్వకండి. "మేం ఎప్పుడూ ఇలాగే చూపిస్తామండి" అన్నా ఒప్పుకోవద్దు.

బోధికొండ

మధ్యాహ్నం భోజనం, విశ్రాంతి, కింది గుడి తెరిచాక దర్శనం. తర్వాత మెట్ల మీదుగా బోధికొండ. దీన్నే నీలాచలం అంటారు. కోదండరామస్వామి గుడి పైన కోనేటి పక్కన ఉంది, 2022లో రాతితో కొత్తగా కట్టారు. ఓపిక తక్కువగా ఉంటే ఈ కొండ వదిలేసి పట్నానికి బయల్దేరండి, మూడూ ఒకేరోజు చేయాలనే పట్టుదల అవసరం లేదు.

మర్నాడు పట్నంలో

విజయనగరం నడకకు రెండున్నర గంటలు చాలు, నేల చదునే. పైడితల్లి అమ్మవారి చదురుగుడి దగ్గర, మూడు లాంతర్ల కూడలిలో మొదలుపెట్టి కోట దాకా నడవమని గైడుతో చెప్పండి. అమ్మవారి ఉత్సవంలో పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, సిరిమాను, తిరిగేది ఈ దారిలోనే. పైడితల్లి ఊరికి దేవత కాకముందు పూసపాటి ఇంటి ఆడపడుచు. బొబ్బిలి యుద్ధం జరిగిన 1757లోనే ఆమె అన్న పెద విజయరామరాజు చనిపోయాడు. ఆ కథను దారి పొడుగునా చెప్పించుకుంటే ఈ వీధులు ఎందుకింత ముఖ్యమో అర్థమవుతుంది.

కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. నాలుగు మూలలా బురుజులు, తూర్పున నగారాఖానా ద్వారం. లోపల కాలేజీలు నడుస్తున్నాయి గనక ముందే అనుమతి అడగాలి, లేకపోతే ద్వారం దగ్గరే ఆపేస్తారు. అనుమతి దొరక్కపోతే బయటి నుంచి గోడ చుట్టూ తిరగండి. తర్వాత గురజాడ ఇల్లు, 1919లో మొదలైన సంగీత కళాశాల. దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. తరగతులు జరిగే వేళ వెళ్తే గేటు బయటికే వయొలిన్ వినిపిస్తుంది, లోపలికి దూసుకుపోకుండా అక్కడే నిలబడి వినండి.

సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ఆ సోమ, మంగళవారాల్లో నడక పెట్టుకోకండి, ఏ గైడూ మిమ్మల్ని జనంలోంచి కోట దాకా తీసుకెళ్లలేడు. ఉత్సవమే చూడాలంటే మధ్యాహ్నానికే దారిలో ఒక ఇంటి అరుగు మాట్లాడుకుని కూర్చోవాలి. ఆ పని చేసిపెట్టగలిగేది కూడా ఊళ్లో తెలిసిన ఆ మనిషే.